వంద సీసీ బండి మీద కన్యాకుమారి: హైదరాబాద్ నుంచి ఒంటరిగా, తక్కువ ఖర్చుతో

బండి మీద కన్యాకుమారి వెళ్లాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది "పెద్ద బండి కావాలా?" అని. అక్కర్లేదు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే 100 సీసీ, 125 సీసీ బండి చాలు. ఆరామ్‌ఘర్ దాటి శంషాబాద్ మీదుగా ఎన్‌హెచ్ 44 పట్టుకుంటే కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా అదే రోడ్డు సముద్రం దాకా తీసుకెళ్తుంది. శ్రీనగర్ నుంచి వచ్చే ఈ రోడ్డు దేశంలో అన్నిటికన్నా పొడవైన జాతీయ రహదారి. మన వైపు ముక్కను పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌హెచ్ 7 అనే అంటారు. దారి తప్పే బెంగ లేదు, ప్రతి ముప్పై నలభై కిలోమీటర్లకూ ఏదో ఒక ఊరు తగులుతుంది. మొదటిసారి ఒంటరిగా దూరం వెళ్లేవాళ్లకు దక్షిణాదిలో ఇంతకన్నా సుళువైన రూటు లేదని నా అభిప్రాయం.

రెండో ప్రశ్న డబ్బు. నలుగురు కలిసి వెళ్తే గది అద్దె నాలుగు వాటాలవుతుంది. ఒక్కరే వెళ్తే మొత్తం మీదే. అందుకే పొదుపు వేరేచోట వెతకాలి. తగ్గించుకోవాల్సినవి మూడు: వేగం, రోజుకు వెళ్లే దూరం, సామాను. తగ్గించకూడనివి కూడా ఉన్నాయి: టైర్లు, నిద్ర, హెల్మెట్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అరిగిన టైరుతో బయల్దేరి, గది డబ్బులు మిగులుతాయని రాత్రంతా నడుపుతారు. మిగిలిన ఏడు వందలూ మర్నాడు ఎక్కడో ఒకచోట వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది.

తేదీలు: జనవరి చివరి నుంచి ఫిబ్రవరి చివరిదాకా

ఈ రూటుకు అన్నిటికన్నా మంచి కాలం సంక్రాంతి సెలవులు ముగిశాక మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం మధ్య మధ్యాహ్నం బండి నడపడం శిక్షే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు తమిళనాడు దక్షిణ కొసలో పక్క నుంచి గట్టిగా కొడతాయి, తేలికపాటి బండి లేన్ మారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా అయ్యప్ప భక్తులు శబరిమల నుంచి కన్యాకుమారి వస్తారు. వాళ్లు వస్తే లాడ్జి రేట్లు పెరుగుతాయి, గదులు దొరకవు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పెనుకొండ నుంచి చిక్కబళ్లాపూర్ దాకా పొగమంచు కూడా ఉంటుంది.

పండుగ తిరుగు ప్రయాణాల రద్దీ సద్దుమణిగాక బయల్దేరితే ఈ చిక్కులన్నీ తప్పుతాయి. వారం మధ్యలో కన్యాకుమారి చేరేలా చూసుకుంటే గది అద్దె ఇంకాస్త తక్కువ.

దూరాన్ని రోజులుగా కోసుకోవడం

ఒకవైపు దాదాపు 1,250 కిలోమీటర్లు. మ్యాపు 21, 22 గంటలని చూపిస్తుంది. ఆ లెక్క కారుది, అదీ ఆగని కారుది. చిన్న బండి మీద గంటకు 55 నుంచి 60 వేగంలో వెళ్తూ, టీకి, టిఫిన్‌కు, పెట్రోలుకు ఆగుతూ వెళ్తే సగటున గంటకు 45 కిలోమీటర్లు పడుతుంది. రోజుకు 350 అంటే ఎనిమిది గంటలు. పొద్దున ఆరింటికి కదిలితే మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఊరు చేరతారు. ఆ తర్వాతి వెలుతురంతా గది వెతుక్కోవడానికి, బండి చూసుకోవడానికి.

నేను చెప్పే ముక్కలు ఇవి:

మొదటి రోజు హైదరాబాద్ నుంచి అనంతపురం, సుమారు 360 కి.మీ.
రెండో రోజు అనంతపురం నుంచి కృష్ణగిరి, సుమారు 300. మధ్యలో బెంగళూరు ఉంది కాబట్టి కావాలనే తగ్గించాను.
మూడో రోజు కృష్ణగిరి నుంచి మదురై, సుమారు 345.
నాలుగో రోజు మదురై నుంచి కన్యాకుమారి, సుమారు 245.

ఐదో రోజు అక్కడే ఉండాలి. బండి ముట్టుకోకూడదు. తిరుగు ప్రయాణానికి మళ్లీ నాలుగు రోజులు. మొత్తం తొమ్మిది పగళ్లు, ఎనిమిది రాత్రులు. ఆఫీసులో ఐదు రోజుల సెలవు పెట్టి, ముందూ వెనకా శని, ఆదివారాలు కలుపుకుంటే సరిపోతుంది. సెలవు అంతకన్నా తక్కువ ఉంటే రోజువారీ దూరం పెంచకండి, గమ్యం తగ్గించండి. మదురై దాకా వెళ్లి వచ్చినా మంచి ప్రయాణమే.

లెక్క కాగితం మీద

పెట్రోలు: రానూపోనూ 2,500, అక్కడ తిరగడానికి ఇంకో 150. లీటరుకు 50 కిలోమీటర్లని లెక్కేస్తే 53 లీటర్లు. లీటరు సగటున 106 రూపాయలు అనుకుంటే దాదాపు 5,600.
గదులు: రాత్రికి 700 చొప్పున ఎనిమిది రాత్రులకు 5,600.
తిండి: రోజుకు 350 చొప్పున 3,150.
బయల్దేరే ముందు సర్వీసింగ్, ఇంజన్ ఆయిల్, చిన్న సామాన్లు: 1,500.
పడవ టికెట్లు, పార్కింగ్, టీలు, ఇతరాలు: 1,000.

మొత్తం 16,850. దీనికి అదనంగా 5,000 పక్కన పెట్టండి, దాన్ని లేదనే అనుకోండి. టైరు పగిలినా, జ్వరం వచ్చి ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వచ్చినా అది పనికొస్తుంది. ఈ నిల్వ లేనిదే బయల్దేరడం బడ్జెట్ ప్రయాణం కాదు, జూదం.

పెట్రోలు ధర రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. కొన్నేళ్లుగా ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ, కర్ణాటక, తమిళనాడుల్లో తక్కువ. అందుకే హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని, అనంతపురంలో అవసరమైనంతే కొట్టించి, సరిహద్దు దాటాక బాగేపల్లి దగ్గర ఫుల్ చేయించండి. తిరుగు ప్రయాణంలో కర్ణాటక దాటే ముందే నింపుకోండి. దీనివల్ల మిగిలేది మహా అయితే ఒక పూట భోజనం ఖర్చు. అసలు పొదుపు వేగంలో ఉంది. అదే బండిని 80లో లాగితే మైలేజీ కళ్లముందే పడిపోతుంది. నాలుగు లేన్ల రోడ్డు మీద బైకుకు చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం కూడా 80 మాత్రమే.

కారులో ఒంటరిగా వెళ్తేనో? లీటరుకు 15 ఇచ్చే కారుకు పెట్రోలే 18,000 దాటుతుంది, పైన టోల్. జాతీయ రహదారుల మీద బైకుకు మామూలుగా టోల్ ఉండదు. కారే తప్పదనుకునేవాళ్లు ఫాస్టాగ్ వార్షిక పాసు చూడండి. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 సార్లు టోల్ దాటేదాకా, ఏది ముందైతే అది. ఈ రూటులో ఒక్క రాకపోకతోనే అందులో చాలాభాగం తిరిగి వస్తుంది.

బండి: సర్వీసింగ్ వారం ముందు, ముందురోజు కాదు

మెకానిక్ చేయి పడ్డాక బండి కనీసం వంద కిలోమీటర్లు ఊళ్లోనే తిరగాలి. ఏదైనా నట్టు సరిగా బిగియకపోతే, కొత్తగా వేసిన బ్రేక్ షూ పట్టేస్తుంటే అప్పుడే తెలుస్తుంది. షాద్‌నగర్ దగ్గర తెలుసుకోవడం కన్నా షాపు దగ్గర తెలుసుకోవడం నయం.

ఇంజన్ ఆయిల్ మార్పించండి, పాతది ఇంకా వెయ్యి కిలోమీటర్లు వస్తుందని మెకానిక్ చెప్పినా సరే. ముందు, వెనక బ్రేకులు, క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, హెడ్‌లైట్, వెనక లైటు, ఇండికేటర్లు చూపించండి. చైన్, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) సగానికి పైగా అరిగి ఉంటే ఇప్పుడే సెట్ మార్చేయండి. టైరు గాట్ల మధ్య అరుగుదల చూపే చిన్న గట్లు ఉంటాయి. రబ్బరు ఆ గట్ల మట్టానికి దగ్గరైతే కొత్త టైరు వేయించాల్సిందే. ఆ ఖర్చు ప్రయాణం లెక్కలో వేయకండి, అది ఎలాగూ పెట్టాల్సిన ఖర్చే.

దారిలో మీరు చేయాల్సింది మూడే పనులు. రోజూ పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎంత ఉండాలో చైన్ కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు చెబుతుంది. ప్రతి ఐదు వందల కిలోమీటర్లకు చైన్‌కు లూబ్ వేయాలి, సాయంత్రం గది చేరగానే చైన్ వేడిగా ఉన్నప్పుడైతే బాగా పడుతుంది. రెండు రోజులకోసారి ఆయిల్ మట్టం చూడాలి. చిన్న ఇంజన్లు రోజంతా ఒకే వేగంలో తిరిగితే ఆయిల్ కొంచెం తాగుతాయి.

సంచిలో ఉండాల్సిన సామాన్లు: ట్యూబ్ టైర్లయితే ముందుకొకటి వెనకకొకటి ట్యూబ్, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్, చిన్న పంపు, క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్, రెండు ఫ్యూజులు, బండితో వచ్చిన పానాల కిట్, ఇన్సులేషన్ టేపు. ట్యూబ్ మార్చడం మీకు రాకపోయినా పర్లేదు. పల్లెటూరి పంక్చర్ షాపులో మీ సైజు ట్యూబ్ ఉండకపోవచ్చు, మార్చే మనిషి మాత్రం ఉంటాడు.

కాగితాలు

లైసెన్స్, ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపించినా చెల్లుతాయి, అయినా ఫోన్ చార్జింగ్ అయిపోయే రోజు కోసం జిరాక్స్ కాపీలు పెట్టుకోండి. ఆధార్ ఒరిజినల్ లాడ్జిలో అడుగుతారు.

బీమా కాగితం ఒకసారి నిదానంగా చదవండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉందా, నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉందా? చౌకగా వస్తుందని చాలామంది రెండోది తీసేయించి మర్చిపోతారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు అదే ముఖ్యం.

సామాను: ఒక సంచి, అంతే

తొమ్మిది రోజులకు తొమ్మిది జతల బట్టలు అక్కర్లేదు. మూడు జతలు, రోజూ రాత్రి ఒకటి ఉతుక్కోవడం. తువ్వాలు, రెయిన్‌కోటు (చలిగాలికి కూడా అదే), పూర్తి వేళ్ల గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిరడాలు. చివరిది పది ఇరవై రూపాయల వస్తువు. గాలి హోరు రోజంతా చెవుల్లో పడితే సాయంత్రానికి తల బరువెక్కుతుంది, ఆ అలసటకు కారణం దూరమని అనుకుంటాం. హెల్మెట్ ఐఎస్‌ఐ ముద్ర ఉన్నది, ముఖమంతా కప్పేది కావాలి. వైజర్ గీతలు పడి ఉంటే కొత్తది వేయించండి.

సంచిని వెనక సీటు మీద అడ్డంగా పెట్టి రెండు ఇలాస్టిక్ తాళ్లతోనూ, పైనుంచి ఒక మామూలు తాడుతోనూ కట్టండి. ఇలాస్టిక్ మాత్రమే అయితే గతుకుల్లో సాగుతుంది. వేలాడే పట్టీలు, తాడు కొసలు ఏవీ చైన్ వైపు ఉండకూడదు. భుజాన బ్యాగు వేసుకుని నడపకండి, మూడో రోజుకు వెన్ను ఒప్పుకోదు.

రోడ్డు, ముక్క ముక్కగా

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీదకు బైకులను అనుమతించరు. సర్వీస్ రోడ్ల మీదుగా గానీ, ఊళ్లోంచి గానీ శంషాబాద్ చేరాలి. ఐదున్నరకు కదిలితే జడ్చర్ల దగ్గర ఎండ మొదలయ్యేలోపు మంచి దూరం పోతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర. అలంపురం జోగులాంబ గుడి చూడాలనుకుంటే హైవే నుంచి కొద్ది దూరమే, కానీ మొదటి రోజు కన్నా తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. కర్నూలు దాటాక డోన్, గుత్తి. ఇక్కడ రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంటుంది, నిద్ర వచ్చేది కూడా ఇక్కడే. కళ్లు బరువెక్కితే పాట పెట్టుకోవడం, ముఖం కడుక్కోవడం పని చేయవు. బంకులోనో, చెట్టు నీడలోనో ఇరవై నిమిషాలు కునుకు తీయండి.

రెండో రోజు అనంతపురంలో తొందరపడకండి. బెంగళూరులోకి పొద్దున తొమ్మిదింటికి చేరితే నరకం. పెనుకొండ, బాగేపల్లిలో టిఫిన్, టీ ముగించుకుని పదకొండు ప్రాంతంలో దేవనహళ్లి దాటేలా చూసుకోండి. హెబ్బాళ, సిల్క్ బోర్డ్ మీదుగా ఊరు దాటడానికి ఎలాగూ గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు పైవంతెన టోల్ దారి, కింద రోడ్డు ఉచితం. ఊళ్లోకి వెళ్లడం ఇష్టం లేకపోతే దేవనహళ్లి నుంచి బూదిగెరె, హోస్కోటె, మాలూరు మీదుగా హోసూరు చేరొచ్చు. దూరం ఎక్కువ, రోడ్డు చిన్నది, మనసుకు మాత్రం హాయి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది దొరుకుతారు, తమిళనాడులో మొదటి రాత్రి ఇక్కడ పెట్టడానికి అదీ ఒక కారణం.

మూడో రోజు పొద్దున ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ వస్తుంది. సేలం వైపు వెళ్లేటప్పుడు ఇది దిగుడు. బరువు లారీలు బ్రేకులు వేడెక్కి ఆగలేక ముందున్న వాటిని గుద్దిన ప్రమాదాలు ఇక్కడ ఎన్నో జరిగాయి. బండిని మూడో గేరులో పెట్టి ఎడమ లేన్‌లో దిగండి, వెనక అద్దం చూస్తూ ఉండండి, లారీకి ముందు మాత్రం ఉండకండి. వెనక లారీ హారన్ ఆపకుండా కొడుతుంటే పక్కకు తప్పుకోండి, రోషం వద్దు. ఫొటోల కోసం ఘాట్‌లో ఆగొద్దు.

సేలం తర్వాత నామక్కల్. లారీ బాడీలు కట్టే ఊరు ఇది, స్పేర్ పార్టులకూ మెకానిక్‌లకూ కొదవ లేదు. బండి ఏదైనా శబ్దం చేస్తుంటే ఇక్కడే చూపించండి. పరమత్తి వేలూరు దగ్గర కావేరి దాటి కరూర్, దిండిగల్ మీదుగా మదురై. తిరుమల నాయకర్ మహల్ ఈ ఊళ్లోనే ఉంది. ఆ నాయక రాజుల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మదురై నుంచి విరుదునగర్, కోవిల్‌పట్టి దాకా కనిపిస్తాయి. వాళ్ల తెలుగు యాస వేరే. మొదట అర్థం కాదు, రెండు నిమిషాలు వింటే ఇంటి మాటే అనిపిస్తుంది.

నాలుగో రోజు కోవిల్‌పట్టిలో పల్లీపట్టీ కొనుక్కోండి. అక్కడి కడలై మిఠాయికి 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, బండి మీద ఆకలికి అంతకన్నా మంచి తిండి లేదు. తిరునల్వేలి దాటాక పణగుడి, కావల్కిణరు వైపు గాలిమరలు వరసగా కనబడతాయి. అవి అక్కడ ఎందుకున్నాయో మీ బండే చెబుతుంది. పడమటి కనుమల సందులోంచి గాలి పక్క నుంచి కొడుతుంది. వేగం 45కి దించండి, హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకండి, పెద్ద లారీని దాటే క్షణంలో గాలి ఒక్కసారిగా ఆగి మళ్లీ కొడుతుందని గుర్తుంచుకోండి.

దారి పొడుగునా వర్తించేవి కొన్ని. టోల్ ప్లాజాల్లో బైకులకు ఎడమ చివర ఇరుకైన దారి ఉంటుంది. అక్కడ ఇసుక, కంకర పేరుకుని ఉంటాయి, బ్రేకు గట్టిగా వేయకండి. నాలుగు లేన్ల రోడ్డు మీద అన్నిటికన్నా ప్రమాదం ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, బైకులు. కుడి లేన్ కన్నా ఎడమ లేనే భద్రం అని గుడ్డిగా నమ్మకండి, రెండింటి మీదా చూపు ఉండాలి. చీకటి పడ్డాక నడపొద్దు. లైట్లు లేని ట్రాలీలు, కల్లంగా మారిన రోడ్డు సగం, డివైడర్ దాటే పశువులు, ఏదీ చిన్న బండి హెడ్‌లైట్‌కు సకాలంలో కనబడదు.

తిండి

టిఫిన్ గట్టిగా, మధ్యాహ్నం తేలిగ్గా, రాత్రి తృప్తిగా. మధ్యాహ్నం ఫుల్ మీల్స్ తిని బండి ఎక్కితే గంటలో నిద్ర వస్తుంది. గుత్తి, అనంతపురం వైపు ఉగ్గాని బజ్జీ, కర్ణాటకలో నిలబడి తినే దర్శిని హోటళ్లలో ఇడ్లీ, వడ, తమిళనాడులో పొంగల్. వీటికి పెద్ద ఖర్చు కాదు. హైవే పక్కన బస్సులు ఆగే పెద్ద హోటళ్లు మానేసి సర్వీస్ రోడ్డు దిగి ఊళ్లోకి రెండు ఫర్లాంగులు వెళ్తే బిల్లు దాదాపు సగమవుతుంది.

ఇంకా తగ్గించాలనుకుంటే ఆంధ్రలో అన్న క్యాంటీన్లు పూటకు 5 రూపాయలు, తమిళనాడు నగరాల్లో అమ్మ ఉణవగాల్లో (అమ్మ క్యాంటీన్లలో) ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3. వేళ దాటితే అయిపోతాయి. నీళ్లకు సీసాలు కొనకండి. పెట్రోలు బంకుల్లో తాగునీరు, గాలి, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

గది

నాలుగింటికల్లా ఊరు చేరితే బేరం మీ చేతిలో ఉంటుంది. ఎనిమిదింటికి చేరితే లాడ్జి వాడి చేతిలో. బస్టాండు చుట్టుపక్కల రెండు మూడు లాడ్జిలు చూడండి. గది చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. చూడాల్సినవి: లోపలి గడియ గట్టిదా, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, బండి లోపల పెట్టుకునే చోటు ఉందా. 24 గంటల చెకవుట్ ఉందా అని అడగండి. పన్నెండింటికి ఖాళీ చేయాలంటే మీకు తేడా లేదు, మీరు ఆరింటికే వెళ్తారు. కానీ రెండు రాత్రులు ఉండే కన్యాకుమారికి పన్నెండింటికి ముందే చేరితే ఒక రోజు అద్దె తేడా రావచ్చు. అక్కడ వివేకానంద కేంద్రం వాళ్ల వివేకానందపురంలో వసతి ఉంది, ముందే బుక్ చేసుకుంటే మంచిది.

ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. దక్షిణాదిలో కొన్ని లాడ్జిలు, ముఖ్యంగా గుళ్ల ఊళ్లలో, ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వవు. ఏదైనా చేసుకుంటారేమోనన్న భయం. వాదించి లాభం లేదు. ఆధార్ చేతికిచ్చి, హెల్మెట్, బండి చూపించి, ఫలానా ఊరి నుంచి వస్తున్నానని, రేపు పొద్దున్నే వెళ్లిపోతానని చెబితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. కాకపోతే పక్క లాడ్జి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఈ బేరాల్లో పడకుండా, ప్రతి రాత్రికీ రివ్యూలు చూసి ముందే బుక్ చేసుకోవాలని నా సలహా. రాత్రికి 300, 400 ఎక్కువైనా సరే, మిగతా ఖర్చుల్లో సర్దుకోవచ్చు.

ఇంట్లోవాళ్లకు, మీకు

ఒక్కరిని ఎంచుకోండి. అమ్మో, అన్నో, స్నేహితుడో. వాళ్లతో లైవ్ లొకేషన్ పంచుకుని, రోజుకు మూడు వేళల్లో మెసేజ్ పెడతానని ఒప్పందం చేసుకోండి: బయల్దేరినప్పుడు, మధ్యాహ్నం, గది చేరాక. రాత్రి ఎనిమిదింటికల్లా మెసేజ్ రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పి ఉంచండి. పదిమందికి చెబితే ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూసుకుంటున్నారని అనుకుంటారు.

పర్సులో ఒక కాగితం: పేరు, రక్తం గ్రూపు, ఇద్దరి నంబర్లు, ఏవైనా మందుల అలర్జీ ఉంటే అదీ. ఫోన్ లాక్ అయి ఉంటే ఆ కాగితమే మాట్లాడుతుంది. నంబర్లు మూడు: 112 అన్నిటికీ, 108 అంబులెన్స్, జాతీయ రహదారి మీద ఏ సాయానికైనా 1033. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఇంట్లోవాళ్లకూ ఈ విషయం చెప్పి ఉంచండి. అప్పుడు ఆసుపత్రిలో అడగాల్సింది వాళ్లే.

డబ్బు యూపీఐలో ఉన్నా, రెండు మూడు వేలు నోట్లుగా రెండు చోట్ల దాచుకోండి. సిగ్నల్ లేనిచోట పంక్చర్ షాపువాడికి నోటే కావాలి.

కన్యాకుమారిలో ఒక రోజు, తర్వాత తిరుగు దారి

పడవ క్యూలో పొద్దున్నే నిలబడండి. వివేకానంద శిల మీది స్మారకం 1970 నాటిది, పక్కన 133 అడుగుల తిరువళ్లువర్ విగ్రహం 2000 జనవరి 1న ఆవిష్కరించారు. ఈ రెండింటి మధ్య గాజు వంతెన 2024 డిసెంబరు చివర్లో తెరిచారు, ఇప్పుడు ఒక శిల నుంచి ఇంకోదానికి నడిచే వెళ్లొచ్చు. అలలు ఎక్కువుంటే పడవలు ఆపేస్తారు, అందుకే ఈ పనిని సాయంత్రానికి వాయిదా వేయకండి. మిగతా రోజంతా నిద్ర, బట్టలు, చైన్.

తిరిగి రావడానికి అదే దారి చౌక. కొత్త దారి కావాలంటే తూత్తుకుడి, రామేశ్వరం, పుదుచ్చేరి, చెన్నై మీదుగా తీరం పట్టుకుని వచ్చి, నెల్లూరు, ఒంగోలు దాటాక అద్దంకి నుంచి నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కొచ్చు. దీనికి రెండు మూడు వందల కిలోమీటర్లు, కనీసం ఒక రోజు, ఒక రాత్రి గది అదనం. సెలవు ఉంటేనే.

ఒళ్లు సహకరించకపోతే బండిని రైలెక్కించి మీరూ రైల్లో రావడం పరువు తక్కువేం కాదు. నాగర్‌కోయిల్ లాంటి పెద్ద స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముందురోజే కనుక్కోండి. ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్స్‌లు కావాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, బండికి గోనెపట్టా, గడ్డి చుట్టించాలి. ఆ ప్యాకింగ్ చేసేవాళ్లు స్టేషన్ బయటే ఉంటారు, రేటు ముందే మాట్లాడుకోండి. అద్దాలు విప్పి మీ సంచిలో పెట్టుకుని, అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, మీటరు రీడింగు కూడా ఒక ఫొటో తీసుకోండి.